ఉప్పు పన్ను నుంచి ఊరిబడి దాకా: గోపాలకృష్ణ గోఖలే

1902వ సంవత్సరం మార్చి 26వ తేదీన కలకత్తాలో రాజప్రతినిధి శాసనసభ కూడింది. అధ్యక్షపీఠంపై కర్జన్ ప్రభువు ఉన్నారు. ఆనాటి కార్యక్రమం బడ్జెటు చర్చ. ఖర్చులన్నీ పోగా బొక్కసంలో సుమారు 7 కోట్ల రూపాయలు మిగులు తేలిందని ఆర్థిక సభ్యులు సర్ ఎడ్వర్డ్ లా అంతకుముందే ప్రకటించి ఉన్నారు. భారత ప్రభుత్వపు లెక్కలలో అంత పెద్ద మిగులు అదివరకు ఎన్నడూ కనబడలేదు. ఇటువంటి సందర్భంలో ఆర్థిక సభ్యులను అభినందించడం సభామర్యాద. ఆ అభినందనలలో తాను మనస్ఫూర్తిగా పాలుపంచుకోలేనని చెబుతూ ఒక కొత్త సభ్యులు లేచారు. ఆయనకు అప్పటికి ముప్ఫయి ఆరేండ్లు నిండలేదు. తలపై మహారాష్ట్రపు పాగా, కండ్లకు అద్దాలు, మెడ చుట్టూ ఉత్తరీయం. చూపులకు బడిపంతులు వలె ఉన్నారు. నిజానికి ఆయన పంతులే. పేరు గోపాలకృష్ణ గోఖలే.

ఆనాడు ఆయన చెప్పిన విషయం వినడానికి చిన్నదే. దేశం రెండు ఘోరమైన కరువులను దాటి వచ్చింది. 1896-97లో ఒకటి, 1899-1900లో మరొకటి. వాటికి తోడు ప్లేగు మహమ్మారి బొంబాయి రాజధానిని పట్టి పీడిస్తున్నది. పల్లెలలో గింజలు లేవు, పశువులు లేవు. అటువంటి దేశంలో ప్రభుత్వానికి కోట్లు మిగలడం ఐశ్వర్యానికి గుర్తు కాదు. ప్రజల వద్ద అవసరానికి మించి పన్ను వసూలు చేస్తున్నారనడానికి గుర్తు. ఇది గోఖలే వాదం.

వాదం చెప్పి ఊరుకోక, దాని వెనుక ఉన్న లెక్కను కూడా ఆయన విప్పి చూపారు. భారత ప్రభుత్వం ఇంగ్లండులో చెల్లించవలసిన వడ్డీలు, పింఛనులు, ఇతర ఖర్చులు అన్నీ బంగారు నాణెంలో ఇవ్వవలసినవి. రూపాయి విలువ పడిపోయిన కొద్దీ ఆ ఖర్చుకు ఎక్కువ రూపాయలు కావలసి వచ్చేవి. 1893లో ప్రభుత్వం టంకసాలలను ప్రజల వెండికి మూసివేసింది. తరువాత కొన్ని సంవత్సరాలలో, 13 పెన్నీల వరకు దిగిన రూపాయి 16 పెన్నీలకు ఎక్కి నిలిచింది. దానివల్ల ప్రభుత్వానికి ఏటా నాలుగైదు కోట్లు ఆదా అయినాయి. రూపాయి పడిపోతున్న రోజులలో, ఆ నష్టం పూడ్చుకోవడానికి వేసిన పన్నులు మాత్రం తగ్గలేదు. 1888లో మణుగుకు 2 రూపాయల నుంచి రెండున్నర రూపాయలకు పెంచిన ఉప్పు పన్ను ఆ విధంగానే ఉండిపోయింది. అదే మిగులుకు మూలం. రోగం పోయినా మందు మాన్పించని వైద్యం వంటిది ఆ పన్నుల వ్యవహారం.

సభ ముగిసేసరికి కొత్త సభ్యుని పేరు దేశమంతటా మారుమ్రోగింది. ఆ తరువాత పదేండ్ల పాటు మార్చి నెల వచ్చిందంటే గోఖలే బడ్జెటు ప్రసంగం కోసం చదువుకున్న వారందరూ ఎదురుచూసేవారు.

ఆయన లెక్కలలో ఇంతటివారు కావడానికి వెనుక ఒక పేదయింటి కథ ఉన్నది. 1866 మే 9వ తేదీన రత్నగిరి జిల్లాలోని కోట్లుక్ గ్రామంలో ఆయన జన్మించారు. తండ్రి కృష్ణరావు కొల్హాపురం సమీపంలోని కాగల్ సంస్థానంలో చిన్న ఉద్యోగి. 1879లో తండ్రి మరణించేనాటికి గోపాలునికి పదమూడేండ్లు. అన్న గోవిందరావు తన చదువు మానుకొని 15 రూపాయల జీతం మీద ఉద్యోగంలో చేరారు. అందులో 8 రూపాయలు తమ్ముని చదువుకు పంపి, తక్కిన 7 రూపాయలతో ఇల్లు గడిపారు. వచ్చేది ఎంత, విధిగా ఇవ్వవలసినది ఎంత, మిగిలిన దానిని దేనికి వినియోగించడం న్యాయం అన్న ప్రశ్న గోఖలేకు రాజ్యాంగ గ్రంథాలలో ఎదురు కాలేదు. అన్నగారి ఇంటిలో ఎదురైంది. మిగలని చోట కూడా చదువుకు పాలు తీయవచ్చునని ఆయన ఆ ఇంటిలోనే నేర్చుకున్నారు.

1884లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాల నుంచి పట్టభద్రులైన తరువాత పెద్ద ఉద్యోగానికి ప్రయత్నించి ఉండవచ్చు. కాని ఆయన పూనాకు వచ్చి దక్కన్ విద్యాసంఘంలో చేరారు. తిలక్, అగర్కర్ ప్రభృతులు అప్పుడే స్థాపించిన సంఘమది. నెలకు 75 రూపాయలు జీతంగా పుచ్చుకొని ఇరవై ఏండ్లు బోధన చేస్తామని అందులోని సభ్యులు వ్రతం పట్టేవారు. గోఖలే ఆ వ్రతం పట్టి, ఫెర్గూసన్ కళాశాలలో ఇంగ్లీషు, గణితం, చరిత్ర, అర్థశాస్త్రం ఏది చెప్పమంటే అది చెప్పారు. ఆయన వ్రాసిన అంకగణితం బడులలో విశేషంగా వాడుకలోకి వచ్చింది. కళాశాలకు విరాళాల కోసం సెలవులలో ఊరూరా తిరిగి గడపగడపా ఎక్కారు. రూపాయి పుట్టడం ఎంత కష్టమో ఆ తిరుగుడులో ఆయనకు తెలిసివచ్చింది.

పూనాలో ఆయనకు లభించిన గురువు మహాదేవ గోవింద రానడే. న్యాయమూర్తి, చరిత్రకారుడు, సంఘ సంస్కర్త అయిన రానడే శిష్యుని చేత ప్రభుత్వ నివేదికలను పుటపుటా చదివించేవారు. ఒక్క అంకె తప్పినా మళ్ళీ వ్రాయించేవారు. సార్వజనిక సభ త్రైమాసిక పత్రికకు గోఖలే సంపాదకత్వం వహించిన సంవత్సరాలు ఆ శిక్షణలోనే గడిచాయి. షోలాపురం పాఠశాలాధ్యాపకులు గణేశ వెంకటేశ జోషీ కూడా ఆయనకు అంకెల విద్యలో మార్గదర్శకులైనారు. బడ్జెటు ప్రసంగాలకు కావలసిన లెక్కలను సమకూర్చడంలో జోషీగారి సాయం ఎంతో ఉన్నది.

ఈ శిక్షణకు మొదటి పరీక్ష 1897లో వచ్చింది. భారతదేశపు ఖర్చుల విచారణకై ఇంగ్లండులో వెల్బీ ప్రభువు అధ్యక్షతన ఒక రాయల్ కమిషన్ పని చేస్తున్నది. దాదాభాయి నౌరోజీ అందులో సభ్యులు. దాని ఎదుట సాక్ష్యమివ్వడానికి దిన్షా వాచా, సురేంద్రనాథ బెనర్జీ, మద్రాసు నుంచి జి. సుబ్రహ్మణ్య అయ్యరు, పూనా నుంచి గోఖలే వెళ్ళారు. నలుగురిలో చిన్నవారు గోఖలే. భారతీయుల పన్నులతో పోషించే సైన్యాన్ని భారతదేశపు ఎల్లలు దాటించి సామ్రాజ్య ప్రయోజనాలకు వాడుకోవడం, పెద్ద జీతాల ఉద్యోగాలన్నీ తెల్లవారికే దక్కడం, ఖర్చుపై ప్రజలకు ఏ అదుపూ లేకపోవడం ఆయన సాక్ష్యంలోని ముఖ్య విషయాలు. కమిషన్ సభ్యులు ఎన్ని విధాల ప్రశ్నించినా ఆయన అంకెలు చెదరలేదు.

ఆ ప్రయాణంలోనే ఆయన జీవితంలోకెల్లా చేదు సంఘటన కూడా జరిగింది. పూనాలో ప్లేగు నివారణ పేరిట సైనికులు ఇండ్లలో చొరబడి అకృత్యాలు చేశారని మిత్రుల ఉత్తరాలు వచ్చాయి. వాటిని నమ్మి గోఖలే ఇంగ్లండు పత్రికకు ఆ విషయం తెలిపారు. స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత సాక్ష్యం చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఋజువు చేయలేని ఆరోపణను నిలుపుకోవడం ధర్మం కాదని ఆయన బేషరతుగా క్షమాపణ చెప్పారు. స్వజనులు పిరికివాడన్నారు. ప్రభుత్వ పక్షంవారు ఎగతాళి చేశారు. ఆ అవమానాన్ని ఆయన మౌనంగా భరించారు. అటుపై శాసనసభలలో ఆయన పలికిన ప్రతి అంకె వెనుకా ప్రభుత్వం అచ్చు వేసిన కాగితమే ఆధారంగా ఉండడాన్ని చూస్తే, ఆ చేదు అనుభవం వృథా పోలేదని తోస్తుంది.

1899లో బొంబాయి శాసనసభకు, 1902లో ఫిరోజ్‌షా మెహతా ఖాళీ చేసిన స్థానంలో రాజప్రతినిధి శాసనసభకు ఆయన ఎన్నికైనారు. అయితే ఆ సభకు ఉన్న అధికారమెంత? 1892 చట్టం ప్రకారం సభ్యులు బడ్జెటును చర్చించవచ్చు. దానిపై ఓటు చేయడానికి వీలులేదు. తీర్మానం తేవడానికీ వీలులేదు. లెక్కలన్నీ ముగిసి ముద్రపడిన తరువాత ఏడాదికి ఒక్కనాడు మాట్లాడి కూర్చోవడమే వారి హక్కు. ఇటువంటి సభలో మాటకు విలువ రావాలంటే అది ఎదుటివారి మనస్సాక్షిని తాకాలి. లేదా ఎదుటివారి లెక్కలోనే తప్పు పట్టాలి. గోఖలే రెండూ చేశారు.

ఆయన వాదాలన్నిటికీ ఒకే ఒక సూత్రం ఆధారం. ప్రభుత్వపు ఖర్చులలో కొన్ని విధిగా చెల్లించి తీరవలసినవి. అప్పులపై వడ్డీ, పింఛనులు, ఇంగ్లండులో ఇచ్చే హోంచార్జీలు ఆ కోవలోవి. రెండవది సైన్యం. ఈ రెండూ పోగా మిగిలిన సొమ్మును ఎటు మళ్ళించాలన్నది ప్రభుత్వపు ఇష్టం. కాలువలు, రోడ్లు, రైళ్ళు, ఆసుపత్రులు, మంచినీరు, మురుగు కాలువలు, బడులు అన్నీ ఆ సొమ్ము కోసమే చేతులు చాపుతాయి. గృహస్థు స్వభావం అతడు కట్టే శిస్తులో తెలియదు, శిస్తు కట్టగా మిగిలిన దానితో ఏమి చేస్తాడన్న దానిలో తెలుస్తుంది. ప్రభుత్వాలూ అంతే. అందుచేత గోఖలే ప్రతి సంవత్సరమూ మూడు ప్రశ్నలు వేసేవారు. సైన్యానికి ఇంత ఎందుకు? మిగులు ఎందుకు వచ్చింది? వచ్చిన మిగులు ఎక్కడికి పోతున్నది?

మొదటి ప్రశ్నకు ఆయన చూపిన అంకెలు నేటికీ ఆశ్చర్యం కలిగిస్తాయి. 1884-85లో సుమారు 18 కోట్లుగా ఉన్న సైనిక వ్యయం 1906-07 నాటికి 33 కోట్లకు చేరువైంది. భూమిశిస్తు మొత్తమంతా కలిసినా సైన్యం ఖర్చుకు చాలని స్థితి. రష్యా దండెత్తి వస్తుందన్న భయం ఈ ఖర్చుకు కారణంగా చెప్పేవారు. సేనాపతి కిచెనర్ ప్రభువు సైన్య పునర్నిర్మాణ పథకం కూడా ఆ భయం మీదనే లేచింది. 1905లో రష్యా జపాను చేతిలో ఓడిపోయింది. జపానుతో ఇంగ్లండుకు ఉన్న మైత్రి మరింత బలపడింది. భయమే పోయిన తరువాత ఖర్చు ఎందుకు తగ్గదని గోఖలే అడిగారు. ఖర్చు పెద్దగా తగ్గలేదు.

మిగులు విషయంలో ఆయన కొంత గెలిచారు. 1903లో ఉప్పు పన్ను మణుగుకు రెండున్నర రూపాయల నుంచి 2 రూపాయలకు దిగింది. అదే ఏడాది ఆదాయపు పన్ను మినహాయింపు 500 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. 1905లో ఉప్పు పన్ను రూపాయిన్నర అయింది. 1907లో రూపాయికి దిగింది. ఈ తగ్గింపుల కీర్తి అంతా ఆయన ఒక్కరిదే అనడం అతిశయోక్తి. అయితే ప్రతి తగ్గింపుకూ ముందు ఆయన ప్రసంగం ఒకటి ఉన్నది. పన్ను తగ్గిన కొద్దీ ఉప్పు వాడకం పెరుగుతున్నదని, అంటే అంతవరకు పేదవాడు ఉప్పు సైతం కడుపారా తినలేదని ఆయన లెక్కలతో చూపారు. ఉప్పు లేని గంజి ఎటువంటిదో తెలిసిన దేశానికి ఆ మాట వేరే వివరించనక్కరలేదు.

మూడవ ప్రశ్న అన్నిటికంటె కఠినమైనది. మిగిలిన సొమ్మును ప్రభుత్వం చాలావరకు రైలు మార్గాల నిర్మాణానికి మళ్ళించేది. రైళ్ళు అక్కరలేదని గోఖలే ఎన్నడూ అనలేదు. రైలు మార్గం రాబడి తెచ్చే వ్యాపారం, కనుక దానిని అప్పు తెచ్చి కట్టవచ్చు. అప్పు తీర్చే శక్తి దానికే ఉన్నది. బడి అటువంటిది కాదు. దానికి ఎవరూ అప్పు ఇవ్వరు. దాని ఫలం బొక్కసంలో కనబడేది కాదు, మనుష్యులలో కనబడేది. కనుక పన్నుల మిగులు మొదట బడికీ, పారిశుధ్యానికీ చెందాలి. ఈ తేడాను పాలకుల ఎదుట ఆయన వలె తేటగా నిలబెట్టినవారు ఆ కాలంలో అరుదు.

మధ్యలో ఆయన చేసిన పనులు ఇంకా ఎన్నో. 1905 జూన్ 12వ తేదీన పూనాలో భారత సేవక సమాజం స్థాపించారు. ఆ ఏడాదే కాశీ కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. మింటో-మార్లే సంస్కరణల చర్చలకై ఇంగ్లండు వెళ్ళివచ్చారు. మధుమేహం శరీరాన్ని తొలుస్తున్నా పని తగ్గించలేదు. అయితే 1909 సంస్కరణలు ఆయనకు ఒక కొత్త ఆయుధాన్ని ఇచ్చాయి. శాసనసభలో సభ్యులు తీర్మానాలు ప్రతిపాదించవచ్చునన్నారు. అవి ప్రభుత్వాన్ని బంధించవు. అధికార సభ్యుల సంఖ్యే ఎక్కువ. అయినా మాట ఓటు దాకా వెళ్ళే దారి ఏర్పడింది. గోఖలే ఆ దారిని బడి కోసం వాడదలచారు.

ఆనాటి విద్యాస్థితి ఎటువంటిదో 1911 జనాభా లెక్కలు చెబుతాయి. దేశంలో చదవను వ్రాయను వచ్చినవారు నూటికి ఆరుగురు. పురుషులలో పదిమందికి ఒకరు, స్త్రీలలో నూటికి ఒకరు. బరోడాలో సయాజీరావు గైక్వాడ్ మహారాజు 1893లో ఒక తాలూకాలో నిర్బంధ ప్రాథమిక విద్య మొదలుపెట్టి 1906లో సంస్థానమంతటా అమలుపరిచారు. ఒక దేశీయ సంస్థానాధీశునికి సాధ్యమైనది బ్రిటిషు ప్రభుత్వానికి ఎందుకు సాధ్యం కాదన్న ప్రశ్న గోఖలేను వదలలేదు. 1910 మార్చిలో ఆయన తీర్మానం తెచ్చారు. విషయాన్ని పరిశీలిస్తామన్న మాట మీద దానిని ఉపసంహరించుకున్నారు. ఆ సంవత్సరమే ప్రత్యేక విద్యాశాఖ ఏర్పడింది. అంతకు మించి ఏమీ కదలలేదు. 1911 మార్చి 16వ తేదీన ఆయనే స్వయంగా బిల్లు ప్రవేశపెట్టారు.

బిల్లు ఎంతో జాగ్రత్తగా కూర్చినది. దేశమంతటా ఒక్కసారిగా నిర్బంధం లేదు. ఏ పురపాలక సంఘం గాని, జిల్లా బోర్డు గాని కోరుకుంటే, ప్రభుత్వ అనుమతితో తన పరిధిలో ఆరు నుంచి పది ఏండ్ల బాలురను విధిగా బడికి పంపించవచ్చు. అప్పటికే బాలురలో తగినంత భాగం బడికి వస్తున్న చోటనే దానికి వీలుంటుంది. నెలకు పది రూపాయలకు లోపు ఆదాయం గల తండ్రి జీతం కట్టనక్కరలేదు. ఖర్చులో మూడింట ఒక వంతు స్థానిక సంస్థలది, రెండు వంతులు ప్రభుత్వానివి. దేశంలోని బాలురందరికీ ఈ విద్య అందే నాటికి అదనంగా అయ్యే ఖర్చు సాలీనా సుమారు నాలుగున్నర కోట్లని, అందులో ప్రభుత్వపు వంతు 3 కోట్లని ఆయన అంచనా. అదీ ఒక్క ఏడాదిలో కాదు, క్రమక్రమంగా. ఇరవై రెండేండ్లలో సైన్యానికి పెరిగిన ఖర్చు 15 కోట్లు. బడికి అడిగినది అందులో అయిదవ వంతు.

డబ్బు ఎక్కడనుంచి వస్తుందన్నారు. గోఖలే తప్పుకోలేదు. దిగుమతి సుంకాన్ని నూటికి 5 నుంచి ఏడున్నరకు పెంచమన్నారు. అదీ చాలదంటే, చివరి మార్గంగా, ఉప్పు పన్నును మణుగుకు ఎనిమిది అణాలు పెంచినా తాను సమర్థిస్తానన్నారు. ఈ మాట విని విస్తుపోయినవారు ఉండి ఉంటారు. పేదవాని ఉప్పు మీద పన్ను తగ్గించమని అయిదారేండ్లు పోరాడిన మనిషి, ఆ తగ్గింపులో కొంత భాగాన్ని తన నోటితోనే వెనుకకు ఇవ్వడానికి సిద్ధపడ్డారు. తన దేశవాసులు కొంచెం తక్కువ ఉప్పు తినడం కీడే. వారి బిడ్డలు తరతరాలు అజ్ఞానంలో ఉండిపోవడం అంతకంటె పెద్ద కీడు. రెంటిలో చిన్న కీడును ఎంచుకోవలసి వస్తే మొదటిదే ఎంచుకుంటానన్నది ఆయన నిశ్చయం. చిన్ననాడు పదిహేనింటిలో ఎనిమిది రూపాయలు చదువుకు తీసిన అన్నగారి ఇల్లు ఆ నిశ్చయం వెనుక ఉన్నదనుకోవడం తప్పు కాదేమో.

ఈ త్యాగం పేదవానిది గాని గోఖలేది కాదు గదా అని ఎవరైనా అనవచ్చు. అనడంలో న్యాయం లేకపోలేదు. ఉప్పు కొనలేని ఇంటికి వెళ్ళి బడి కోసం ఇంకొంచెం ఇమ్మనడం సులభమైన ధర్మం కాదు. ఆయనకు ఆ బరువు తెలుసు. కనుకనే ముందుగా సైన్యాన్ని తగ్గించమన్నారు, తరువాత రైళ్ళకు అప్పు తెమ్మన్నారు, ఆ తరువాత సుంకం పెంచమన్నారు. అన్ని తలుపులూ మూసిన తరువాతనే ఉప్పు మాట ఎత్తారు. ఆయన మాటలోని తీవ్రత పేదవాని మీద కాదు, ఆ తలుపులు మూసినవారి మీద.

బిల్లుపై ఏడాదిపాటు దేశమంతటా చర్చ నడిచింది. కాంగ్రెసు సమర్థించింది. పురపాలక సంఘాలు ఎన్నో సమర్థించాయి. రాష్ట్ర ప్రభుత్వాలు వద్దన్నాయి. బడికి వెళ్ళిన కుర్రవాడు పొలం పనికి రాడని భూస్వాములు భయపడ్డారు. నిర్బంధం ప్రజలకు నచ్చదని అధికారులు అన్నారు. ప్రజలకు నచ్చని పన్నులను విధించడానికి ఏనాడూ వెనుదీయని ప్రభుత్వానికి బడి విషయంలో ఈ సుకుమారం కలగడం వింతే. ఈలోగా 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారు జరిగింది. చక్రవర్తి పేరిట ప్రజావిద్యకు 50 లక్షల రూపాయల దానం ప్రకటించారు. గోఖలే దానిని స్వాగతించారు. అయితే దానం ఇచ్చేవారి ఇష్టం, చట్టం పుచ్చుకునేవారి హక్కు. ఆయన కోరినది రెండవది.

1912 మార్చి 18, 19 తేదీలలో బిల్లు తుదిచర్చకు వచ్చింది. సెలెక్టు కమిటీకి పంపాలన్న ప్రతిపాదన మాత్రమే సభ ముందున్నది. జిన్నా వంటివారు అనుకూలంగా మాట్లాడారు. భారతీయ సభ్యులలోనే కొందరు ఎదురు తిరిగారు. బిల్లు ఓడిపోతుందని గోఖలేకు ముందే తెలుసు. ఆ సంగతి ఆయన సభలో దాచలేదు. ఇంగ్లండులో 1870 విద్యాచట్టానికి ముందు ఎన్ని ప్రయత్నాలు విఫలమైనాయో గుర్తుచేసి, తన తరంవారు అపజయాలతోనే దేశసేవ చేయవలసి ఉన్నదని శాంతంగా చెప్పారు. ఓట్లు లెక్కించారు. అనుకూలం 13, ప్రతికూలం 38.

ఓటమి పూర్తి ఓటమి కాలేదు. ఆ రోజులలో నల్లమందు ఎగుమతి వల్ల అనుకోకుండా వచ్చిన మిగుళ్ళలో కొంత సొమ్మును ఆర్థిక సభ్యులు సర్ గై ఫ్లీట్‌వుడ్ విల్సన్ విద్యకూ పారిశుధ్యానికీ మళ్ళించారు. పదేండ్లుగా గోఖలే చెబుతూ వచ్చిన సూత్రం, చట్టరూపం పొందకపోయినా, లెక్కల పుస్తకంలో చోటు సంపాదించుకున్నది.

ఆ ఏడాది చివర ఆయన దక్షిణాఫ్రికా వెళ్ళారు. ఒప్పందపు గడువు తీరిన భారతీయ కూలీలపై నేటాలులో ఏటా 3 పౌనుల తలపన్ను ఉండేది. ఆ కూలీలలో మన తెలుగు జిల్లాల నుంచి ఓడ ఎక్కినవారు అనేకులు. గాంధీగారితో కలిసి ఊరూరా తిరిగి, ఆ పన్ను తీసివేయాలని అక్కడి మంత్రులతో వాదించారు. 1914లో అది రద్దయింది. ఆ ఏడాదే తనకు ఇవ్వజూపిన సర్ బిరుదును ఆయన వద్దన్నారు. సివిలు ఉద్యోగాల విచారణకై ఏర్పడిన రాయల్ కమిషనులో పని చేస్తూనే ఆరోగ్యం పూర్తిగా పోగొట్టుకున్నారు. 1915 ఫిబ్రవరి 19వ తేదీన పూనాలో కన్నుమూశారు. అప్పటికి నలభై తొమ్మిదో ఏడు నడుస్తున్నది. జీవితమంతా ఆయనతో రాజకీయాలలో విభేదించిన తిలక్ శ్మశానవాటికకు వచ్చి ఆయన దేశభక్తిని కొనియాడారు.

బిల్లు మాత్రం ఆయనతో పోలేదు. 1918లో విఠల్‌భాయి పటేల్ పట్టుదలతో బొంబాయి రాష్ట్రంలో నిర్బంధ ప్రాథమిక విద్యకు తొలి చట్టం వచ్చింది. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం వచ్చి, ఆనాడు ఆ రాజధానిలో ఉన్న తెలుగు జిల్లాలకూ వర్తించింది. 1930లో, గోఖలేను రాజకీయ గురువుగా చెప్పుకున్న గాంధీజీ ఉప్పు పన్నును ధిక్కరించడానికి దండికి నడిచారు. గురువు పన్ను తగ్గించమని లెక్క చూపారు. శిష్యుడు ఆ పన్నునే కాదన్నారు. 1950 రాజ్యాంగం పదునాలుగేండ్ల వరకు ఉచిత నిర్బంధ విద్యను పదేండ్లలో అందించాలని ఆదేశించింది. గడువు దాటిపోయింది. 2002 నాటి రాజ్యాంగ సవరణ విద్యను బాలబాలికల ప్రాథమిక హక్కుగా చేసింది. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోకి వచ్చింది. గోఖలే బిల్లు ఓడిన తొంభై ఎనిమిదేండ్లకు.

ఆ చట్టం ప్రకారం బిడ్డ హక్కు ఆరవ ఏట మొదలవుతుంది. గోఖలే తన బిల్లులో వ్రాసుకున్న వయస్సు కూడా అదే. ఆయన బాలురకు మాత్రమే, అదీ నాలుగేండ్లకు మాత్రమే, అదీ కోరుకున్న ఊళ్ళకు మాత్రమే అడిగారు. అంత కొంచెం అడిగినా ఆనాటి ప్రభుత్వం వద్ద డబ్బు లేకపోయింది. సైన్యానికి ఉన్నది, రైళ్ళకు ఉన్నది, దర్బారుకు ఉన్నది. లేనిది బడికి ఒక్కదానికే. బడ్జెటు వచ్చిన ప్రతిసారీ ఏది విధి, ఏది ఇష్టం, మిగిలినది ఎవరి పాలు అని అడిగే అలవాటును ఆ సభలో నాటినది ఆ పూనా పంతులు. ఆ అలవాటు పోకుండా ఉన్నంతవరకు ఆయనకు వేరే స్మారకచిహ్నం అక్కరలేదు.